తెల్ల పలక

కెపాసిటర్లకు కరెంటు ఎక్కడం మొదలైంది, లోపలి తలుపులకు తాళాలు పడ్డాయి, ఇక ఒక గంటసేపు ఈ చలిగదిలో ఈ మొహాలనే భరిస్తూ కూర్చోవాలి అనుకుంది ఆమె, శాలువాను మెడదాకా లాక్కుంటూ. మొహాలు అనడం కూడా ఎక్కువే, ఆఖరి వరసలో గోడవారన కూర్చున్న మనిషికి కనిపించేవి వీపులు. ఏసీ గాలి సూటిగా వచ్చి పడేదీ ఆ కుర్చీ మీదే. రెండేళ్ళ కిందటి దాకా ఆ కుర్చీ ముందు వరసలో ఉండేది, వైర్లు సర్దాలి మేడమ్ అని జరిపారు, వైర్లు సర్దడం వారంలో అయిపోయింది, కుర్చీ మాత్రం తిరిగి ముందుకు రాలేదు, అడిగితే అల్పంగా ఉంటుందని ఆమె అడగలేదు, అడగదని వాళ్ళకూ తెలుసు. ఇప్పుడు వీపుల్ని బట్టి మనుషుల్ని పోల్చుకోవడం అలవాటైపోయింది. వంగిపోయిన వీపు కెపాసిటర్ల పెద్దాయనది, నిలకడ లేకుండా ఊగేది గాలి తోడే పంపులు చూసే అతనిది, జుట్టు బిగించి కట్టుకుని నిటారుగా కూర్చున్నది లెన్సుల ఆమె. వీళ్ళందరి మధ్యా ఒక మెట్టు ఎత్తున, ఇస్త్రీ మడత చెదరని నీలం చొక్కాలో ఉన్న వీపు షాట్ నడిపే ఛీఫ్‌ది. ఆ వీపంటే ఆమెకు అసహ్యం. మర్యాదకు వేరే మాట వెతకనక్కర్లేదు, అసహ్యమే. ఆ వీపు ఆమె చెల్లెలి మొగుడిది.

గోడ మీది తెరలో ఆకుపచ్చ పట్టీ ఒకటి కింది నుంచి కొద్దికొద్దిగా పైకి పాకుతోంది. అది నిండితే కరెంటును దాచిపెట్టే కెపాసిటర్లు నిండినట్టు. నిండినదంతా ఒక్కసారిగా దీపాల్లోకి, దీపాల్లోంచి లేజర్ గాజులోకి, గాజులోంచి వెలుగై ఎనిమిది దారుల్లో పరుగెత్తి, మందపాటి కాంక్రీటు గోడకు అవతల ఉన్న ఇనుప గోళంలోకి దూకుతుంది. ఆ గోళం నడుమ చిటికెన వేలి గోరంత బంగారు డబ్బీ, డబ్బీలో మిరియపు గింజంత గుళిక, గుళికలో గడ్డకట్టించిన హైడ్రోజన్. వెలుగు డబ్బీ గోడలకు తగిలి ఎక్స్-కిరణాలుగా మారి, ఆ కిరణాలు గుళికను అన్ని వైపుల నుంచీ సమంగా నొక్కితే లోపలి హైడ్రోజన్ నక్షత్రం కడుపులో లాగా ఒకదానితో ఒకటి కలిసి మండాలి. దాన్ని పట్టి ఉంచడానికి గోడ లేదు, గిన్నె లేదు, కదలడానికి దానికున్న బద్ధకమే దానికి గోడ, చెల్లాచెదురు కావడానికి పట్టే ఆ లిప్తలోపే పని అయిపోవాలి. వినడానికి ఎంత బాగుంటుందో. అతిథులకు చెప్పేటప్పుడు మరిది ఇక్కడిదాకా వచ్చి చిన్నగా నవ్వి ఆగుతాడు, చప్పట్లకు చోటిస్తున్నట్టు. అతను చెప్పకుండా వదిలేసేదే ఆమె పని. వెలుగు తగలగానే బంగారం ఆవిరవుతుంది, ఆవిరి చిట్లి ప్లాస్మా అవుతుంది, పరమాణువుల నుంచి తెగిపోయిన ఎలక్ట్రాన్లు ఇష్టం వచ్చినట్టు ఈదులాడే మంటమడుగు, అందులో అలలు లేస్తాయి, ఆ అలల మీద పడ్డ వెలుగు లోపలికి పోకుండా వచ్చిన దారినే తిరిగి తన్నుకొస్తుంది. వచ్చి ఊరుకోదు, ఏ లెన్సులోంచి వెళ్ళిందో ఆ లెన్సునే పగలగొట్టగలదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె కొలుస్తున్నది ఆ తిరిగొచ్చే వెలుగునే. ఈ గదిలో ఆమె స్థానానికి పేరు కూడా అదే, వెనకవెలుగు. అందరూ నక్షత్రం గురించి మాట్లాడుతుంటే ఒక్క మనిషి మాత్రం ఇంత తిరిగొచ్చింది, ఇంత పోయింది అని చెబుతూ ఉండాలి. శుభం పలకమంటే మరోటి పలికే మనిషిని ఎవరు మాత్రం ముందు వరసలో కూర్చోబెడతారు.

ఆ మరిదికి కిరణాన్ని అద్దం మీద నిలబెట్టడం నేర్పింది ఆమే. వచ్చిన కొత్తలో స్క్రూ తిప్పమంటే చెయ్యి వణికేది, ఊపిరి బిగబట్టి తిప్పు, స్క్రూని కాదు నీ చేతిని నమ్ము అని చెప్పింది, అప్పుడు నువ్వు అనేది, అతను మేడమ్ అనేవాడు. లెక్కలు చెప్పించుకోవడానికి ఇంటికి వచ్చేవాడు. చెల్లెలు కాఫీ ఇచ్చేది, కాఫీ కప్పు ఖాళీ అయ్యాక కూడా లెక్కలు అయ్యేవి కావు, ఒకరోజు చూస్తే లెక్కలు ఒక్కటీ అడగకుండానే కప్పులు ఖాళీ అవుతున్నాయి. సరే, పెళ్ళి చేసింది తనే. అమ్మా నాన్నా లేని ఇంట్లో అక్క మాటే మాట, ఆ మాట తనే అంది, కుర్రాడు బుద్ధిమంతుడు అని. బుద్ధి ఉంది, అది ఎవరూ కాదనలేరు. ఏకు మేకవుతుందని తెలియకపోవడం ఆమె తప్పు. తన వెనకే నడిచినవాడు పక్కకు వచ్చాడు, పక్కనుంచి ముందుకు వెళ్ళాడు, ముందు నుంచి ఒక మెట్టు ఎక్కాడు, ఇప్పుడు ఇక్కడ ఆమె అతన్ని మీరు అంటుంది, ఇంటికి వెళ్తే నువ్వు అనాలి, ఆ తంటా పడలేక రెండేళ్ళుగా ఏమీ అనడం మానేసింది. పక్క వీధిలోనే ఉన్న చెల్లెలి ఇంటికి అతను ఊళ్ళో లేనప్పుడే వెళ్తుంది. చెల్లెలు పిల్లల పళ్ళ డాక్టరు. మొండి పిల్లలు దానికి ఎంత ఇష్టమో. నోరు తెరవను పొమ్మని కుర్చీలో బిగుసుకుపోయిన పిల్లల్ని ఒక్కసారి కూడా బతిమాలదు, తన మానాన తను దూది సర్దుకుంటూ, వద్దులే, నువ్వు తెరవకు, నీ పళ్ళు చూస్తే నాకే భయం వేస్తుంది అంటుంది. అంతే, నోరు ఇంత తెరుచుకుంటుంది. ఒకసారి గుమ్మంలో నిలబడి ఆ తమాషా చూసి ఆమె కడుపుబ్బ నవ్వింది. చాలా ఏళ్ళయింది అలా నవ్వి.

పట్టీ కొంచెం పైకి పాకింది. గాజు అద్దాల అవతల మిద్దెలో అతిథులు కూర్చున్నారు, బిస్కెట్ పొట్లం విప్పుతున్న చప్పుడు మైకులోంచి గదిలోకి వస్తోంది, ఎవరో బొత్తాం కట్టెయ్యడం మరిచిపోయారు. డైరెక్టర్ వాళ్ళ పక్కన కూర్చుని ఏదో చూపిస్తున్నాడు. ఇవాళ ఎనిమిది కిరణాలనూ నిండు బలంతో వేసే మొదటి షాట్. ఇది నెగ్గితే డైరెక్టర్ పదవి దిగిపోతూ ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెడతాడో ఈ గదిలో తెలియనివాళ్ళు లేరు. ఆ పైన ఆమె బృందాన్ని ఏం చేస్తారో కూడా తెలుసు. వెనకవెలుగు అదుపులోకి వచ్చేసింది కదా, ఇక దాన్ని కొలుస్తూ కూర్చోవడానికి విడిగా మనుషులెందుకు అని మరిది పోయిన నెల సమావేశంలో ఎంతో మెత్తగా అన్నాడు, ఆమె వంక చూడకుండా. గొంతు కోసేటప్పుడు కూడా ఇస్త్రీ నలగదు అతనికి. పొయ్యేకాలం, అనుకుంది, ఎవరికని తేల్చుకోకుండానే.

ఈ గదికి ఒక ఆచారం ఉంది. పట్టీ నిండాక ఛీఫ్ ఒక్కో స్థానం పేరూ పిలుస్తాడు, పంపులు, కెపాసిటర్లు, లెన్సులు, గుళిక, చివరికి వెనకవెలుగు. ఒక్కొక్కరూ సిద్ధం అనాలి. ఎవరికి అనుమానం ఉన్నా ఆగండి అనవచ్చు, ఆ ఒక్క మాట చాలు, ఎంత చిన్న ఉద్యోగి అన్నా సరే కరెంటంతా దింపెయ్యాల్సిందే, ఎందుకని ఆ క్షణంలో ఎవరూ అడగకూడదు. అడిగితే మనిషి భయపడి అనుమానాన్ని మింగేస్తాడని మొదట్లో దీన్ని కట్టిన పెద్దల తెలివి. ఆ మాట ఈ మధ్య ఆమె మూడుసార్లు అంది. మొదటిసారి లెన్సులో వెంట్రుకంత పగులు దొరికింది, దాన్ని అందరూ మర్చిపోయారు. రెండోసారి ఏమీ దొరకలేదు, మూడోసారీ దొరకలేదు, వాటిని ఎవరూ మర్చిపోలేదు. ఆగమ్మ అని పేరు పెట్టారు. కాఫీ యంత్రం దగ్గర ఆగమ్మ వస్తోంది, ఆగండాగండి అని ఎవరో అంటే, నవ్వు ఆపుకోలేక మరిది గోడవైపు తిరగడం ఆమె కళ్ళారా చూసింది. పోయిన వారం డైరెక్టర్ పిలిచి కూర్చోబెట్టి, ఇంకొకసారి ఊరికే ఆపితే మీరు మెషిన్ జోలికి రాకుండా కాగితాల పని చూసుకుందురుగాని అన్నాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉంది మీ పద్ధతి అని కూడా అన్నాడు. ఆమె సంజాయిషీ చెప్పుకుంటూ ఆ గదిలో కూర్చున్న పూటే ఇక్కడ గోళం తెరిచి, గుళికను పట్టుకునే ఇనుప చెయ్యి మార్చి, మళ్ళీ మూసేశారు. ఆమెకు చెప్పనైనా చెప్పలేదు. లోపలికి వెళ్ళింది మరిది, తెల్ల దుస్తులు వేసుకుని, ఒక్కడే.

అదీ సంగతి. ఆమె చూసి ఉంటే ఈ గంట ఇలా ఉండేది కాదు. లెన్సుల చుట్టూ గోళం లోపలి గోడకు పీటలా బిగించిన తెల్ల పలకలు ఉంటాయి, తిరిగొచ్చే వెలుగు లెన్సుకు పక్కగా చిమ్మితే ఆ తెలుపు మీద పడి మెరుస్తుంది, ఆ మెరుపును కెమెరా చూస్తుంది, మెరుపును బట్టి ఎంత వెలుగు తిరిగొచ్చిందో తను లెక్క కడుతుంది. పేలిన డబ్బీల మసి పలక మీద పేరుకుంటే మెరుపు తగ్గుతుంది. అందుకని కరెంటు ఎక్కించక ముందు ప్రతిసారీ పలక మీద చిన్న వెలుగు వేసి తెలుపు తెలుపుగానే ఉందో లేదో చూసుకునేవాళ్ళు, కాఫీ తాగినంతసేపు పట్టేది. కాఫీ తాగినంతసేపు వృథా అని మరిది దాన్ని తీసేశాడు. తీసెయ్యొద్దని ఆమె చెప్పింది, సమావేశంలో చెప్పింది, కాగితం మీద పెట్టింది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆ తర్వాత నుంచే వెనకవెలుగు తగ్గడం మొదలైంది. ముందు చిన్న వెలుగు, వెనక పెద్ద వెలుగు పంపే కొత్త పద్ధతి తనదేనని, తగ్గింది దానివల్లేనని అతను పత్రం రాసుకున్నాడు. పద్ధతి మార్చినప్పుడు ఒకసారి తగ్గితే అర్థం ఉంది. మార్చకుండా అదే అమరికతో వేసిన షాట్లలో కూడా ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూనే వచ్చింది, ప్రతిసారీ దాదాపు పదోవంతు. ప్లాస్మాకి మనం అలవాటైపోతున్నాం అని అతను జోకేస్తే అందరూ నవ్వారు. ప్లాస్మాకి అలవాట్లేమిటి, ప్రతి షాట్‌కీ కొత్తగా పుడుతుంది, కన్ను తెరవకముందే చస్తుంది, దానికి నిన్నటిది గుర్తుండదు. ఇంత వరసగా, ఇంత బుద్ధిగా బాగుపడేది ఈ లోకంలో ఏదీ ఆమెకు కనపడలేదు. మసి అయితే ఇంతే వరసగా, ఇంతే బుద్ధిగా పేరుకుంటుంది.

అయితే మరి న్యూట్రాన్లు. అవును, హైడ్రోజన్ కలిసి మండినప్పుడల్లా బయటికి చిమ్మే న్యూట్రాన్లు. చలిలో ఆమె కుర్చీ అంచుకు జరిగింది. వెనక్కి రాని వెలుగు ఎక్కడికి పోయినట్టు? లోపలికే పోయి ఉంటే గుళిక మరింత గట్టిగా నలగాలి, నలిగితే న్యూట్రాన్లు పెరగాలి. అన్ని షాట్లలోనూ న్యూట్రాన్లు నిలిచిన చోటే నిలిచి ఉన్నాయి. అంటే వెలుగు లోపలికి పోలేదు. అంటే తిరిగి వస్తూనే ఉంది, ఎప్పుడూ వచ్చినంతా వస్తూనే ఉంది, తన కళ్ళకే మసి పట్టింది. నిండు బలంతో ఇవాళ అది తిరిగొస్తే ఎనిమిది లెన్సుల్లో ఎన్ని మిగులుతాయి? ఒక్కో లెన్సు అరగదియ్యడానికి ఒక ఏడాది. ఈ ఆలోచన ఇంతకు ముందు ఎందుకు రాలేదు, ఇవాళే, ఈ గంటలోనే, అతను గెలవబోతున్న గంటలోనే ఎందుకు వచ్చింది? ఇది తెలివా, కడుపుమంటా? తెలివికీ కడుపుమంటకీ లోపల రుచి ఒకేలా ఉంది, నాలుక మీద లోహంలా. రెండోసారి ఆపినప్పుడు కూడా ఇంతే నమ్మకంగా ఉండింది కదా, మూడోసారి కూడా. అతను ఓడిపోవాలని ఆమె కోరుకుంటున్న మాట నిజం, రోజూ కోరుకుంటున్న మాట నిజం, పళ్ళు తోముకుంటూ కోరుకుంటుంది, బస్సులో కోరుకుంటుంది. అలా కోరుకునే మనిషికి అతని లెక్కలో తప్పు కనిపిస్తే ఆ తప్పును ఎంతవరకు నమ్మాలి? పరికరాన్నయితే పక్కన పెట్టి కొత్తది తెచ్చుకుంటాం. మనసుకు మసి పడితే దాని మీద ఏ వెలుగు వేసి చూడాలి?

అన్నిటికంటే ముందు పొద్దున్నే చెల్లెలు వచ్చి మనసు పాడు చేసి పోయింది. తలుపు తీస్తే చేతిలో టిఫిన్ క్యారియర్‌తో నిలబడింది, ఎన్నో నెలల తర్వాత అక్క మీద ప్రేమ పొంగుకొచ్చిందా అని అడిగితే నవ్వలేదు. గిన్నెలు బల్ల మీద పెట్టి, లోపలికి రాకుండానే అంది.

"అక్కా, ఇవాళ మాత్రం ఆగండి అనకు. ఆ పలక నల్లబడితే నల్లబడనీ, నీకెందుకు. నువ్వన్నా అక్కడ వినేవాళ్ళెవరున్నారు చెప్పు."

ఆ ఆఖరి మాట ముల్లులా దిగింది. పదిమందీ అనేది ఇంట్లోది కూడా అనేసింది. నీ మొగుడు నేర్పి పంపాడా అని అడిగింది ఆమె. చెల్లెలు గుమ్మం మీద ఒక్క క్షణం నిలబడి మెట్లు దిగిపోయింది. క్యారియర్ ఆమె తెరవలేదు, అలాగే బల్ల మీద వదిలి వచ్చింది, ఇప్పుడు ఆకలేస్తోంది, ఆకలికి కూడా కోపం వస్తోంది. చంకలో కూర్చోబెట్టుకుని తిప్పిన పిల్ల. జ్వరం వస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన పిల్ల. దానికి తెలుసా అసలు పలక అంటే ఏమిటో, తెల్లగా ఉంటుందో నల్లగా

నల్లబడితే నల్లబడనీ అంది.

ఆమె వెన్ను నిలువునా బిగుసుకుంది. పలక చూడటం మానొద్దు అని తను సమావేశంలో గొడవ పడిన మాట మరిది ఇంట్లో చెప్పి ఉండొచ్చు, పెళ్ళానికి చెప్పి నవ్వి ఉండొచ్చు. కానీ నల్లబడింది అని తను ఎవరితోనూ అనలేదు, ఎప్పుడూ అనలేదు, ఆ అనుమానం తనకే ఇదుగో ఈ గంటలో పుట్టింది. గోళం మూసి ఉంది. తెరిచింది ఒక్కసారే, లోపలికి వెళ్ళింది ఒక్కడే. గోళంలో నిలబడితే పలక కళ్ళెదుటే ఉంటుంది, చూడకుండా ఉండలేడు. చూశాడు. చూసి, బయటికి వచ్చి, దుస్తులు విప్పి, చేతులు కడుక్కుని, పలకల గురించి ఒక్క ముక్క అనకుండా నిండు బలానికి సంతకం పెట్టాడు. కడుపులో పెట్టుకోలేక ఇంట్లో చెప్పాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంటి మనిషి నోటిమాట పట్టించింది. తనకు మతి భ్రమించలేదు, న్యూట్రాన్లు అబద్ధమాడలేదు, కడుపుమంట కాదు. ఒక క్షణం పాటు ఆమెకు ఆనందంతో కళ్ళు తిరిగాయి. తర్వాత క్షణంలో ఆ ఆనందం మొత్తం పగగా మారింది. అంతా తెలిసే చేస్తున్నాడు. తను నేర్పిన చేతులతో చేస్తున్నాడు. పైగా ఎక్కడ తన నోరు లేస్తుందోనని పెళ్ళాన్ని పంపి నోరు మూయించబోయాడు, చెల్లెలి చేత అక్కకు నీ మాటకు విలువ లేదని చెప్పించాడు.

పట్టీ సగం దాటింది. పొయ్యి మీద పాలు కాగుతున్నప్పటి లాంటి సన్నటి హోరు నేలలోంచి పాదాల్లోకి ఎక్కుతోంది. సరే అయితే, అనుకుంది ఆమె, శాలువా సర్దుకుని వెనక్కి వాలుతూ. అననులే. చెల్లెలు అడిగింది కదా, అననులే. సిద్ధం అంటాను, ఎంతో వినయంగా అంటాను. అవతల గోళంలో వెలుగు తిరిగొస్తుంది, ముందు చిన్న చిటుకు వినిపిస్తుంది, తర్వాత కెమెరాలు ఒక్కొక్కటే తెల్లబోతాయి, లెన్సులు ముక్కలవుతాయి, మిద్దెలో బిస్కెట్లు నమలడం ఆగిపోతుంది. విచారణ వేస్తారు. గోళం తెరుస్తారు, మసిబట్టిన పలక చూస్తారు, కిందటివారం లోపలికి వెళ్ళినవాడెవడు అంటారు. చూడటం మానొద్దని ఎవరు కాగితం పెట్టారు అంటారు. నవ్విన నాపచేనే పండుతుంది. ఆమె ఆ దృశ్యాన్ని చప్పరించి చప్పరించి తిన్నది, రెండేళ్ళ ఆకలి తీరేటట్టు. నీలం చొక్కా వీపు వంగిపోవడం చూసింది. ఇస్త్రీ నలగడం చూసింది. కాఫీ యంత్రం దగ్గర నవ్విన ప్రతి మొహాన్నీ పేరుపేరునా చూసింది. ఆ దృశ్యంలో అడ్డం వచ్చింది లెన్సుల ఆమె ఒక్కతే. ఆవిడ ఆ నిటారు వీపుతో గాజు ముక్కల ముందు నిలబడి ఉంది. ఆ ఎనిమిదింటినీ ఆవిడ తెల్ల చేతితొడుగులతో తనే పట్టుకెళ్ళి బిగించింది, నలుసు పడుతుందేమోనని మాట్లాడటం కూడా మానేసి. ఆవిడ ఎప్పుడూ ఆగమ్మ అనలేదు. అననూ లేదు, అంటుంటే వద్దనీ అనలేదు.

దాని తర్వాత చెల్లెలు అడ్డం వచ్చింది. విచారణలో పడ్డవాడు ఇంటికి వెళ్తాడు కదా, ఎవరి ఇంటికి వెళ్తాడు? ఆ మొహం ముందు రోజూ కూర్చునేది అది. పిల్లల నోళ్ళలో అద్దం పెట్టి చూస్తూ, ఇంటికెళ్ళాక ఆ మొహం చూస్తూ. ఇప్పుడు తను సిద్ధం అంటే, తెలిసి అన్నట్టు. అతను తెలిసి చేస్తున్నాడు, తనూ తెలిసి చేస్తుంది, ఇద్దరికీ తేడా ఏముంది, అతని చొక్కా నీలం, తన శాలువా బూడిదరంగు. అతని పక్కన ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టే, అదీ ముందు వరసలో. ఛీ. వాడిలా అవడం కంటే కాగితాల పని నయం. వాణ్ణి ఓడించాలంటే వాణ్ణి కాపాడాల్సి వస్తోంది, ఏం ఖర్మ ఇది. కాపాడాక థాంక్స్ చెబుతాడా, చెప్పడు, ఆగమ్మ అసూయతో ఆపింది అంటాడు, చెల్లెలి సంసారం చూసి ఓర్వలేక అంటాడు. అననీ. అతను అనేదాని గురించి కాదు. అతనంటే ఉన్న అసహ్యం ఇవాళ్టికి పక్కన పెట్టాలనిపించలేదు ఆమెకు, దాన్ని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, దానితోనే ఆపుతాను అనుకుంది, ప్రేమతో ఆపే ఓపిక నాకు లేదు.

పట్టీ నిండింది. మిద్దెలో మైకు ఎవరో కట్టేశారు, గది ఒక్కసారిగా మరింత చల్లబడినట్టయింది. మరిది గొంతు సవరించుకుని పిలవడం మొదలెట్టాడు. పంపులు. సిద్ధం. కెపాసిటర్లు. సిద్ధం. లెన్సులు. సిద్ధం అంది ఆ నిటారు వీపు, కొంచెం ఆలస్యంగా. గుళిక. సిద్ధం. తర్వాత చిన్న విరామం వచ్చింది, కావాలని వదిలాడో ఊపిరి తీసుకున్నాడో తెలియదు. వెనకవెలుగు, అన్నాడు, తల తిప్పకుండా.

"ఆగండి" అంది ఆమె.

ముందు వరసలో ఎవరో ముక్కుతో నవ్వారు. మరిది చెయ్యి తాళంచెవి మీద ఉంది, అది కదల్లేదు. ఆచారం ప్రకారం అతను వెంటనే ఆగాం అని చెప్పి తాళం వెనక్కి తిప్పాలి. మొదటిసారిగా అతను కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాడు. ఇంట్లో తప్ప ఇక్కడ ఎన్నడూ వాడని పిలుపును ఏరి తెచ్చి, మైకులో, గదికీ మిద్దెకీ వినిపించేటట్టు అన్నాడు.

"ఆగాం, వదినా."

అంతే. ఆ ఒక్క పిలుపుతో ఇది ప్లాస్మా గొడవ కాకుండా ఇంటి గొడవ అయిపోయింది. డైరెక్టర్ మిద్దెలో లేచి నిలబడ్డాడు. నవ్వు ఈసారి ముక్కుల్లో ఆగలేదు, వరసల వెంట పాకింది. ఆమెకు చెవులు కాలిపోయాయి. తాళం తిరిగింది, గోడ అవతల కెపాసిటర్లు దిగిపోయిన మొద్దు చప్పుడు నేలలోంచి వచ్చి పాదాలకు తగిలింది, గంటసేపు ఎక్కిందంతా ఒక్క దెబ్బలో వట్టి వేడిగా పోయింది. ఆమె మైకు నొక్కి, పలకల మీద చిన్న వెలుగు వెయ్యండి అంది. రేపు చూద్దాం, ఇవాళ్టికి అయిందిగా అన్నాడు మరిది, హెడ్‌ఫోన్ తీసేస్తూ. అప్పుడు ఆ నిటారు వీపు ఇటు తిరిగింది. లెన్సులు నావి, నేను వేస్తాను అంది ఆవిడ, ఎవరి అనుమతి కోసమూ చూడకుండా బొత్తాం నొక్కింది. గోడ మీది తెరలో ఆకుపచ్చ పట్టీ పోయి గోళం లోపల కనిపించింది. లెన్సు చుట్టూ పాలలా మెరవాల్సిన పలక మాడిన గిన్నె అడుగులా ఉంది. రెండోది కూడా అలాగే ఉంది. మూడోది చూపించేసరికి గదిలో కుర్చీలు కిర్రుమనడం మానేశాయి. కెపాసిటర్ల పెద్దాయన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెకు క్షమాపణ చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

మరిది తెరను చూడలేదు. ఆమె అది గమనించింది, తెర చూడకుండా ఉన్నది అతనొక్కడే. ఆమెనే చూస్తున్నాడు, నీకెలా తెలిసింది అన్నట్టు, ఆ చూపులో భయం ఉంది, భయం కింద పచ్చి ద్వేషం ఉంది, కాపాడబడ్డవాడి ద్వేషం. కనీసం ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఉన్నది ఏమిటో ఇవాళ తేలిపోయింది. పెళ్ళాన్ని పంపితే నోరు మూసుకుంటాననుకున్నావా అని అడగాలనిపించింది, అడిగితే చెల్లెలి పేరు బయటికి వస్తుంది, అందుకని పళ్ళు బిగించి శాలువా మడత పెట్టుకుని బయటికి నడిచింది. నడవాలో ఫోన్లు పెట్టే అర ఉంది. తన ఫోన్ తీసి చూస్తే చెల్లెలి మెసేజ్ కాచుకుని ఉంది. అన్నావా అక్కా, అంతే. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చలికి మొద్దుబారిన వేళ్ళతో, అన్నాను, ఏం చేసుకుంటారో చేసుకోండి అని కొట్టి పంపింది. గోడకానుకుని నిలబడి తిట్టు కోసం ఎదురుచూసింది. రాయడానికి ఎంతోసేపు పట్టలేదు చెల్లెలికి, ఒక్కటే మాట వచ్చింది.

హమ్మయ్య.

ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. నా మొగుణ్ణి ఆపు అక్కా అని ఏడుస్తూ వచ్చి ఉంటే, వాణ్ణి నేనెందుకు కాపాడాలి పో అని తలుపు వేసి ఉండేది, నిజంగానే వేసి ఉండేది, ఆ సంగతి ఈ లోకంలో ఇంకొక్క మనిషికి మాత్రమే తెలుసు. ఆమెకు కుర్చీలో బిగుసుకుపోయిన పిల్లలు గుర్తొచ్చారు, దూది సర్దుకుంటూ వద్దులే, నువ్వు తెరవకు అనే గొంతు గుర్తొచ్చింది. నడవాలో తను నోరు తెరుచుకుని నిలబడి ఉందని కొంతసేపటికి తెలిసి, మూసుకుంది.